కళింగతీరమున తాబేళ్ల లెక్క

మాఘ ఫాల్గుణ మాసములలో మన శ్రీకాకుళము, విజయనగరము తీరములకు రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి, ఇసుకలో గోతులు త్రవ్వి, ఒక్కొక్కటి నూరు గ్రుడ్ల వరకు పెట్టి మరలిపోవుచుండును. అవి ఎచ్చటికి పోవునో మనము చిరకాలము ఎరుగము.

1974లో ఒడిశాలోని గహిర్మఠమున, 1994లో ఇచ్ఛాపురమునకు ఉత్తరమున ఋషికుల్యా ముఖద్వారమున అవి వేలకొలది కూడి గ్రుడ్లు పెట్టు తావులను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. తాబేళ్ల ముంగాళ్లకు అంకెలు గల లోహపు బిళ్లలు తగిలించిరి. అట్టి బిళ్లలు గల తాబేళ్లు శ్రీలంక తీరమున దొరికినవి. 2001లో నాలుగింటి వీపులపై ప్రసారయంత్రములు అమర్చిరి. తాబేలు ఊపిరికై నీటిపైకి వచ్చినప్పుడు దాని జాడ ఉపగ్రహమునకు అందెడిది.

కనుక ఈ ప్రాణి ఒక్క రాష్ట్రమునకు చెందినది కాదు. ఒడిశాలో కాపాడబడిన తాబేలు మన తీరమున మరపడవ వలలో చిక్కి, ఊపిరాడక చావవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని చంపుట నేరము. వలలో తాబేలు తప్పించుకొను ద్వారము అమర్చు ఉపాయమును కలదు. అయినను ఒడ్డున గ్రుడ్ల గోతులను, చచ్చిన తాబేళ్లను ఏటేట లెక్కించిననే గాని ఆ రక్షణ ఎంతవరకు ఫలించినదో మనకు తెలియదు. కళింగపట్నపు ఇసుకలో కనబడిన ఒక్క గోతి లెక్కయు గహిర్మఠపు లెక్కలో భాగమే.