పహాణీలో లేని కష్టం

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి చేలల్లో పసుపు తవ్వకం మొదలైందంటే దుంపల కుప్పల ముందు ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. మన్ను దులిపి, వేళ్లు తెంపి, పొడవాటి కాడిని ఒక పక్కకు, గుండ్రటి గోళను ఒక పక్కకు విరిచి వేస్తారు. రెండూ విడివిడిగా ఉడకాలి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో రెంటికీ ధర వేరు. విరవడంలో పొరపాటు జరిగితే రైతు రాబడి తగ్గుతుంది. ఇంత విలువైన పనికి ఊరి భూమి రికార్డైన పహాణీలో గడి లేదు. పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు లాంటివే ఉంటాయి. ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రను కూడా మనం పహాణీలాగే రాసుకున్నాం. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో దాని మూత, అన్నీ అందులో ఉన్నాయి. చెరుకు ముక్కలు పేర్చినవాళ్లు, కలుపు తీసినవాళ్లు లేరు. ఈ లోటు తీరాలంటే ఆర్థిక చరిత్ర రాసే స్త్రీలను ప్రత్యేకంగా ఆదుకోవాలన్నది నా వాదన. అది వాళ్లకు చేసే ఉపకారం కాదు. మన చరిత్ర లెక్క సరిగ్గా తేలాలంటే తప్పనిసరి.

అడిగేవాళ్లను బట్టి లెక్క మారుతుందనడానికి మన జనాభా గణనే సాక్ష్యం. 1961లో, పనుల కాలంలో ఎక్కువ రోజులు రోజుకు గంటకు మించి పనిచేసిన మనిషిని శ్రామికుల కింద రాసుకున్నారు. 1971లో ప్రశ్న మారింది. ముఖ్యమైన పని ఏమిటని అడిగారు. తెల్లవారి వంట చేసి, పగలంతా నాటు వేసి, రాత్రి పశువులకు మేత వేసే మనిషి విషయంలో ఆ ప్రశ్నకు ‘ఇంటిపని’ అన్న జవాబే వచ్చింది. దేశంలో పనిచేసే స్త్రీల వంతు కాగితం మీద దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదేళ్లలో సగం మంది ఆడవాళ్లు పొలం మానేయలేదు, అడిగిన తీరు మారింది. 1970లలో ఆర్థికవేత్త దేవకీ జైన్ పల్లెల్లో స్త్రీల పొద్దును గంటగంటకూ లెక్కగట్టి, అధికారిక సర్వేలు ఎంత పనిని వదిలేశాయో చూపించారు. 1981లో ఉపాంత శ్రామికులన్న వర్గం వచ్చింది. సొంత పొలంలో జీతం లేకుండా చేసేదీ పనేనని 1991లో ప్రశ్నలోనే చేర్చారు. దాని వెనుక మహిళా సంఘాల, పరిశోధకుల పట్టుదల ఉంది. అమెరికాలో పాత గణనలు వృత్తి గడిలో ‘భార్య’ అని రాసి వదిలేసిన స్త్రీల పనిని వెతికి లెక్క సరిచేసిన ఆర్థిక చరిత్రకారిణి క్లాడియా గోల్డిన్. ఆమెకు 2023లో నోబెల్ వచ్చింది.

మన జిల్లాలో ఈ లెక్కకు బతుకుతో ఉన్న ముడి బీడీలో కనిపిస్తుంది. తునికాకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, వెయ్యికి ఇంతని కూలి తీసుకునే పని తరాలుగా ఆడవాళ్లది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లకూ 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. అయినా హక్కు చేతికి రావాలంటే పేరు కాగితం మీద ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇచ్చినప్పుడు పీఎఫ్ ఖాతానే ఆధారంగా తీసుకుంది. ఏళ్ల తరబడి చుట్టినా ఖాతా లేని మనిషి అక్కడే ఆగిపోయింది. లెక్కలో లేకపోవడమంటే చరిత్రలో లేకపోవడమే కాదు, ముసలితనంలో పింఛను లేకపోవడం కూడా.

చరిత్రకు ఆడా మగా ఏమిటి, ఆధారం ఎవరు చూసినా ఆధారమే కదా అనే ఆక్షేపణ ఉంది. అందులో నిజం ఉంది. ధర్మా కుమార్ 1965లో మద్రాసు ప్రెసిడెన్సీ వ్యవసాయ కూలీల మీద పుస్తకం రాసింది స్త్రీల కథ చెప్పడానికి కాదు. భూమిలేని కూలీలు బ్రిటిషు పాలనకు ముందే పెద్ద సంఖ్యలో ఉన్నారని రికార్డులతో వాదించి, అప్పటిదాకా నడిచిన అభిప్రాయాన్ని కదిలించారు. స్త్రీ పరిశోధకురాలు స్త్రీల గురించే రాయాలన్న నియమం ఎవరూ పెట్టకూడదు. అయితే ఆధారం దానంతట అది నోరు విప్పదు. ఎవరో ఒకరు ప్రశ్న వేయాలి. ఇక్కడే మన కళ్లముందు ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుస్తకాలు చాలానే వచ్చాక, 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగితే తప్ప ఆ మాటలు బయటికి రాలేదు. వాళ్లు దాచిపెట్టినందుకు కాదు, అంతకుముందు అడిగినవాళ్లు లేనందుకు. ఆ పుస్తకం పోరాటానికి చేసిన పనిని పసుపుకు, బీడీకి, చెరుకుకు ఇంకా చేయాల్సి ఉంది.

ప్రతిభ ఉంటే ఎవరైనా నిలబడతారు, ప్రత్యేక సాయం ఎందుకన్నది రెండో ఆక్షేపణ. ఈ పని ఎలా జరుగుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. నిజాం రాజ్యపు కార్యాలయ రికార్డు 1880ల దాకా ఎక్కువగా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. ఆ భాషలూ లిపీ నేర్చుకోవడానికే చాలా కాలం పడుతుంది. ఫైళ్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నెలల తరబడి అక్కడ ఉండాలి, గది అద్దె కట్టాలి, ఇంటి దగ్గర పిల్లలను చూసేవాళ్లు ఉండాలి. తర్వాత ఊరూరా తిరిగి ముసలివాళ్లతో మాట్లాడాలి. జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన అమ్మాయికి తెలివి తక్కువై ఈ దారి మూసుకుపోదు. చదువుకూ పెళ్లికీ మధ్య ఇల్లు ఆమెకిచ్చే గడువు తక్కువై మూసుకుపోతుంది. యూజీసీ 2016 నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే స్త్రీలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వడం ఈ సంగతిని ఒప్పుకోవడమే. కానీ గడువు పొడిగించినంత మాత్రాన అద్దె కట్టడం కుదరదు, ఉర్దూ రాదు. కావలసింది ఆర్కైవ్స్ దగ్గర వసతి, ఫార్సీ–ఉర్దూ చదవడం నేర్పే కోర్సు, క్షేత్ర పర్యటన ఖర్చు, పిల్లలు పుట్టాక తిరిగి చేరడానికి ఫెలోషిప్. పక్కనే డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయమైంది. ఈ రెండూ చేతులు కలిపితే ఇవేవీ అసాధ్యం కావు.

ఇందులో తొందర కూడా ఉంది. ఫైలు యాభై ఏళ్లు ఆగుతుంది, మనిషి ఆగదు. బోధన్ ఫ్యాక్టరీ గానుగ జోరుగా తిరిగిన రోజుల్లో చెరుకు తోటల్లో పనిచేసిన స్త్రీలు ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. రోజుకు ఎంత కూలి వచ్చేది, మగవాళ్లకంటే ఎంత తక్కువ, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లేది, నీళ్లు రాని ఏడాది ఇల్లు ఎలా గడిచింది? ఈ జవాబులు ఏ పహాణీలోనూ దొరకవు, వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్ల ఎదుట కూర్చుని, వాళ్ల మాటలోనే అడిగి రాసుకునే అమ్మాయిని ఈ ఏడాదే పంపాలి.