దయ్యాల కోట చుట్టూ సర్కారు తుమ్మ

కరోల్ బాగ్ ను ఆనుకొని ఉన్న సెంట్రల్ రిడ్జ్ అడవిలో, పెద్ద హనుమంతుడి విగ్రహానికి వెనుక, భూలీ భటియారీ మహల్ అనే పాత కట్టడం ఉంది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ వేట కోసం కట్టించాడంటారు. చీకటి పడితే అక్కడ దయ్యం తిరుగుతుందని చాలామంది నమ్మకం. ఇంతవరకూ సాక్ష్యం చూపినవారు లేరు. కానీ పట్టపగలు కళ్ళకు కనిపించే దాని గురించి ఎవరూ అడగరు. ఈ అడవినంతా కమ్మేసిన ముళ్ళచెట్టు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడివాళ్ళు దాన్ని విలాయతీ కీకర్ అంటారు. మన పల్లెల్లో సర్కారు తుమ్మ. ఒక పేరు పరాయిదని చెబుతుంది, ఇంకో పేరు ప్రభుత్వం తెచ్చిందని చెబుతుంది. పేర్లతోనే నిర్ణయించనక్కరలేదు, రికార్డు కూడా ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ఈ విత్తనాలు కావాలని పైఅధికారులకు రాశాడు. 1877లో జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. వాటిని మన కడప జిల్లా కమలాపురంలో వేశారు. అది దక్షిణాదిని మహాకరువు పట్టి పీడిస్తున్న కాలం. నీళ్ళు లేకపోయినా బతికే వంటచెరకు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు.

1911లో రాజధానిని ఢిల్లీకి మారుస్తామని ప్రకటించాక, ఈ రాళ్ళగుట్ట పచ్చగా కనిపించాల్సిన అవసరం వచ్చింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇక్కడా ఇదే తుమ్మను నాటారు. పశువులు దీని కాయలు తిని, పేడతో గింజలను ఊరంతా చల్లుతాయి. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. దీని నీడలో అసలైన రిడ్జ్ పొదలు, చిన్న చెట్లు వెనకబడిపోయాయి. అవేమిటి? కరీల్, రేగు, గార, అడ్డసరం. అడ్డసరం మనకు కొత్తది కాదు. దాని ఆకులోని వాసిసిన్ ఆధారంగానే 1960లలో బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గుమందు వచ్చింది. అది మందుగా నిలబడింది ప్రాచీనమైనదని కాదు, పరీక్షకు నిలిచింది కాబట్టి.

అయితే విదేశీ చెట్టు గనుక చెడ్డదంటే అదీ ఒక మూఢనమ్మకమే. మిరపకాయ, టమాటా కూడా సముద్రం దాటి వచ్చినవే. వాటిని మనం ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. చెట్టు ఎక్కడ పుట్టిందని కాదు, ఇక్కడికొచ్చి ఏం చేస్తోందని అడగాలి. అలాగే దేశవాళీ అన్న పేరుతో రాతినేల మీద రావి, వేప నాటి ఫొటో దిగితే అడవి రాదు. రావి ఈ గుట్టల చెట్టు కాదు.

మరి తుమ్మను ఒక్కసారిగా నరికేద్దామా? వద్దు. వసంత్ విహార్ దగ్గర, గనులు తవ్వి వదిలేసిన నేల మీద ఆచార్య సి.ఆర్. బాబు బృందం ఆరావళీ జీవవైవిధ్య పార్కును పెంచింది. వారి పద్ధతి సులభంగానే అర్థమవుతుంది. తుమ్మ కొమ్మలు కత్తిరించి నేలకు వెలుతురు దింపాలి, కింద స్థానిక మొక్కలు నాటాలి. అవి ఎదిగి నీడ పడితే, ఎండ కోరే తుమ్మ క్రమంగా తగ్గుతుంది.

ఉద్యోగ జీవితమంతా రక్షణశాఖ పద్దులు చూసినవాణ్ణి. మొత్తం సరిపోయినంత మాత్రాన ఆడిట్ అయిపోదు, దాని కింద వివరం చూడాలి. 'ఇన్ని హెక్టార్ల పచ్చదనం' అన్నది మొత్తం మాత్రమే. తుమ్మ నీడలో ఎన్ని రకాల మొక్కలున్నాయి, కొమ్మలు కొట్టిన చోట ఎన్ని మొలిచాయి, ఏటా లెక్కపెట్టి జనం ముందు పెట్టమని అడుగుదాం. ఆ లెక్క వచ్చేదాకా పచ్చగా ఉందన్న మాటను అడవి ఉందనడానికి రుజువుగా ఒప్పుకోనక్కరలేదు.