మన కంచంలోకి కారం ఎప్పుడు వచ్చింది?

పోయినసారి మన సభలో మధ్యాహ్నం భోజనాల పంక్తిలో ఒక చిన్న తగాదా నడిచింది. అక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. షోలాపూర్ నుంచి మేము పల్లికారం డబ్బా పట్టుకొచ్చాం. బరంపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన తమ ఇంటి పండుమిరప పచ్చడి జాడీతో దిగారు. సేలం వాళ్ళ దగ్గర నూనెలో కలుపుకునే మిళగాయ్ పొడి, దొడ్డబళ్ళాపురం వాళ్ళ దగ్గర ఎర్రగా నిగనిగలాడే చట్నీపొడి ఉన్నాయి. యానాం తమ్ముడు ఒకాయన చల్ల మిరపకాయలు వేయించి తెచ్చాడు. ఇందులో అసలైన తెలుగువాళ్ళ కారం ఏది అని ఎవరో సరదాకి అన్నారు. అంతే, అన్నం చల్లారిపోయింది గానీ మాట చల్లారలేదు.

చివరికి బరంపురం పెద్దాయన, "ఇది రాయలవారి కాలంనాడు మన తాతలు మూటగట్టుకుని తెచ్చుకున్న కారం, వెయ్యేళ్ళనాటిది" అని తేల్చేశారు. పక్కన వడ్డిస్తున్న కాలేజీ పిల్ల ఒకతి, "తాతగారూ, మిరపకాయ అమెరికాది కదా?" అంది. పెద్దాయనకి కోపం వచ్చింది. పిల్ల చిన్నబోయింది. ఈ సంగతి సంచికలో రాస్తానని ఆ రోజే ఇద్దరికీ మాట ఇచ్చాను. అందుకే ఈ వ్యాసం.

ముందుగానే చెప్పేస్తాను, పిల్ల చెప్పిందే నిజం.

మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ళుగా దాన్ని పండించి తింటున్నారు. 1492కి ముందు ఆ ఖండం బయట ఎవరికీ దాని రుచి తెలియదు. ఆ ఏడు కొలంబస్ మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరి, దారి తప్పి అక్కడ తేలాడు. మిరియం దొరకలేదు, నోరు మండించే ఈ కాయ దొరికింది. స్పానిష్ భాషలో మిరియాన్ని పిమియెంతా అంటారు, ఈ కొత్త కాయకు పిమియెంతో అని పేరు పెట్టేశారు. తర్వాత 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు, 1500లో పోర్చుగీసువారు బ్రెజిల్ తీరం తాకారు, 1510లో గోవా వాళ్ళ చేతిలోకి వచ్చింది. బ్రెజిల్, గోవా రెండూ ఒకే రాజు కింద, ఒకే ఓడల దారిలో ఉన్నాయి. మిరపకాయ ఆ దారినే వచ్చింది. గోవాలో మొదట్లో దాన్ని బ్రెజిల్‌లోని పెర్నాంబుకో ప్రాంతం పేరుతో పిలిచారట.

ఇక రాయలవారి సంగతి. ఆయన ఏలుబడి 1509 నుంచి 1529 దాకా. ఆముక్తమాల్యదలో ఏ కాలానికి ఏ భోజనమో నోరూరేటట్టు వర్ణించారు గదా. అందులో వరుగులు ఉన్నాయి, వడియాలు ఉన్నాయి, పెరుగు, నెయ్యి ఉన్నాయి. మిరపకాయ లేదు. అంతకు వందేళ్ళ ముందువాడైన శ్రీనాథుడి పేరున ఒక చాటువు ఉంది. అరవనాట విస్తట్లో తొలి వడ్డనగా పోసిన చారు ఘాటుకి చెవుల్లోంచి పొగ వెళ్ళిందని ఆయన మొత్తుకున్నాడు. ఆ చారు మిరియాల చారు! ఘాటు అంటే ఆనాటికి మిరియమే. దానికి తోడు పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. మన పెద్దలు మంట ఎరగనివాళ్ళు కారు, ఆ మంట వేరే చెట్టుది.

పుస్తకాల జోలికి పోకుండానే దీనికి రుజువు మన ఇళ్ళలోనే ఉంది. మనం అయిదు చోట్ల స్థిరపడ్డవాళ్ళం, అయిదు భాషలు చెవిన పడతాయి. తెలుగులో మిరియం నుంచి మిరపకాయ. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి. మరాఠీలో మిరీ, మిర్చీ. ఎక్కడ చూసినా కొత్తగా వచ్చిన కాయకు పాత మిరియం పేరునే సాగదీసి పెట్టుకున్నారు, స్పెయిన్‌వాడు చేసినట్టే. ఒరియావాళ్ళు మాత్రం లంక అన్నారు. సముద్రం అవతలి నుంచి వచ్చిన సరుకని ఆ పేరే చెబుతుంది. బరంపురం పెద్దాయన రోజూ బజారులో లంక అని అడిగి కొంటూ, అది మన తాతల మూటలోది అంటే ఎట్లా!

ఇంతవరకు ఏ వంటల పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేతవాళ్ళుగా మనకు సంబంధించిన కథ ఇంకొకటి ఉంది, అది ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో దిగారు. దేనికోసం? మసాలాల కోసం. అదేమిటి, మచిలీపట్నంలో మిరియం పండదు గదా అంటారేమో. వాళ్ళకు కావాల్సిన మిరియాలు, లవంగాలు, జాజికాయలు జావా, బాందా, మలుకు వైపు దీవుల్లో ఉన్నాయి. ఆ దీవులవాళ్ళు యూరప్ సరుకు ముఖం చూడలేదు. వాళ్ళు అడిగింది కోరమండల్ తీరపు బట్ట. అద్దకం బట్ట, గళ్ళ బట్ట, చిరిగేదాకా రంగు పోని బట్ట. అందుకని ముందు ఇక్కడికి వచ్చి బట్ట కొని, ఆ బట్ట అక్కడ ఇచ్చి మసాలా దినుసులు ఎత్తుకునేవాళ్ళు. అంటే మన ముత్తాతలు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేసిన బట్టే ఆ వ్యాపారంలో నాణెంలా చెల్లింది. తర్వాతి కాలంలో యానాంలో ఫ్రెంచివారు కూర్చున్నదీ బట్ట కోసమే.

మరి అంత మిరియాన్ని కొనిపెట్టిన బట్ట నేసినవాడి కూరలో మిరియం ఎంత పడింది? నా లెక్కలో తక్కువే. మిరియం తీగకు మలబారు వానలు కావాలి, నీడ కావాలి, పాకడానికి చెట్టు కావాలి. నల్లగొండలోనో, అనంతపురంలోనో పెరట్లో పెట్టుకుంటే బతికేది కాదు. కొనాల్సిందే, కొనాలంటే షావుకారు దగ్గరికి పోవాల్సిందే. నూలుకి బయానా ఇచ్చేదీ ఆ షావుకారే.

మిరపకాయ అట్లా కాదు. ఒక్క కాయ ఎండబెట్టి చిదిపితే పెరడంతా నాటుకునే గింజ. విత్తనానికి డబ్బు అక్కర్లేదు. మూడు నెలలు తిరగకముందే పచ్చికాయ చేతికొస్తుంది, ఎండితే ఏడాది నిల్వ. నల్లరేగడి అయినా ఎర్రమట్టి అయినా సర్దుకుంటుంది. రాజు చెబితేనో, వ్యాపారి తెస్తేనో ఇది ఇంత పాకిందని నేను అనుకోను. ఇరుగమ్మ పొరుగమ్మ కొంగున గింజలు కట్టుకుని పోయి ఉంటారు. అందుకే ఫలానా ఏడు ఫలానా ఊరికి మిరపకాయ వచ్చిందని రాసిపెట్టినవాడు లేడు. చవకగా దొరికేదాన్ని ఎవడు లెక్క రాస్తాడు?

మా ఇంటి సంగతి కొంచెం చెప్పనివ్వండి. మావాళ్ళు తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చారు. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1877లో లేచింది, ఆ తర్వాత మరికొన్ని. మగ్గం పని, మిల్లు పని వెతుక్కుంటూ పద్మశాలీలు కుటుంబాలకు కుటుంబాలే కదిలి వచ్చారు. మా నాయనమ్మ పగలు కండెలు చుట్టేది, సాయంత్రం బీడీలు చుట్టేది. మధ్యలో వంట. హప్తా వచ్చిన రోజు పప్పు ఉడికేది. మిగతా రోజులు జొన్నరొట్టె, దాని మీద కారం ముద్ద, ఉంటే ఒక ఉల్లిగడ్డ. పడుగుకు పట్టించడానికి కాచిన గంజిలో కొంచెం ముందే తీసి పక్కన పెట్టేది. అందులో ఉప్పు రాయి వేసి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పిల్లలం తాగేవాళ్ళం. నూలుకూ మాకూ ఒకటే గంజి. "కారం ఉంటే రొట్టె దిగుతది బిడ్డా, లేకుంటే గొంతుల నిలబడతది" అనేది.

ఇప్పుడు మనం దాన్ని రుచి అంటున్నాం, వీడియోలు తీసి పెడుతున్నాం. సంతోషమే. కానీ మనం ఇంత కారం ఎందుకు తింటామని పిల్లలు అడిగితే, మన రక్తంలో ఉందని చెప్పకండి. కూర లేని రోజులు ఎక్కువ ఉండేవని చెప్పండి. రెండు మిరపకాయలు, నాలుగు ఎల్లిపాయలు, గళ్ళుప్పు వేసి దంచితే ఎనిమిది మంది రొట్టె తిని లేచేవాళ్ళు. దానికి గొడ్డుకారం అని పేరు. పేరులోనే తెలుస్తుంది కదా, అందులో ఇంకేమీ లేదని.

ఆ పేదతిండిలో ఒక మేలు కూడా దాగి ఉంది. పచ్చిమిరపకాయలో సి విటమిన్ దండిగా ఉంటుంది. హంగరీ శాస్త్రవేత్త సెంట్ జ్యోర్జి 1930లలో తన పరిశోధనకు కావాల్సినంత సి విటమిన్ తీసింది వాళ్ళ ఊరి మిరప జాతి కాయలోంచే. ఆయనకు 1937లో నోబెల్ బహుమానం వచ్చింది. పండూ పాలూ ఎరగని ఇళ్ళలో గంజితోపాటు కొరికిన ఆ కాయ ఎంతో కొంత కాపాడి ఉంటుంది. ఎండిన కాయలో అది చాలావరకు పోతుంది, కాబట్టి కారప్పొడి తింటే అదే లాభమని అనుకోవద్దు.

సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. ఘాటు గింజలో ఉంటుందని మనందరి నమ్మకం. నిజానికి గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లని పొరలో ఉంటుంది, గింజకు అంటుకుంటుంది. అది నీళ్ళలో కరగదు. అందుకే నోరు మండినప్పుడు చెంబెడు నీళ్ళు తాగినా లాభం ఉండదు, గుక్కెడు పెరుగో పాలో అయితే దిగుతుంది. చల్ల మిరపకాయ కనిపెట్టిన తల్లి ఎవరో గానీ ఈ సంగతి శాస్త్రవేత్తలకంటే ముందే తెలుసుకుంది.

స్థిరపడిన చోటల్లా మన కారం మారింది. షోలాపూర్ చుట్టుపక్కల జొన్న, పల్లి ఎక్కువ. ఇక్కడి మరాఠీవాళ్ళు వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, కారం రోట్లో నూనె తేలేదాకా దంచి శేంగా చట్నీ చేస్తారు. మా పల్లికారం కూడా అదే. ఎవరు ఎవరికి నేర్పారో నన్ను అడగకండి, రెండు ఇళ్ళ మధ్య గోడ ఒక్కటే. దొడ్డబళ్ళాపురం వాళ్ళ పొడికి ఆ రంగు బ్యాడగి మిరపకాయది. హావేరి జిల్లా బ్యాడగి కాయ ముడతలు పడి ఉంటుంది, మంట తక్కువ, రంగు ఎక్కువ. గుంటూరు సన్నం అయితే మంట ఎక్కువ. తెలిసిన ఇల్లాళ్ళు రంగుకు ఒకటి, ఘాటుకు ఒకటి కలిపి పట్టిస్తారు. అద్దకపు తొట్టి దగ్గర నిలబడి ఎరుపులో పది రకాలు చెప్పగలిగిన మనవాళ్ళకి మిరపకాయ రంగు ఎంచడం పెద్ద పనా!

మా మనవడు మొన్న ఆన్‌లైన్‌లో టబాస్కో సీసా తెప్పించాడు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో 1868 నుంచి చేస్తున్నారట. పండుమిరపకాయ, ఉప్పు కలిపి చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరవేసి, వెనిగర్ కలిపి వడకడతారు. వాడు గొప్పగా చెబుతుంటే మా ఆవిడ, "మనం చింతపండు వేస్తాం, వాళ్ళు వెనిగర్ పోస్తారు, ఇంతేగా" అంది. రుచి చూసి, రొట్టెలోకి పనికిరాదు అని మూత పెట్టేసింది. నాకైతే నచ్చింది, చాటుగా రెండుసార్లు వేసుకున్నాను.

ఒక ఏడు మా వీధిలో చాలా మగ్గాలు ఆగిపోయాయి. అప్పుడు మా మేనత్త మగ్గం గదిలోనే రోలు వేసింది. పావుకిలో పొట్లాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి పల్లికారం అమ్మింది. మూడేళ్ళు ఇల్లు నడిచింది దాని మీదనే. ఇద్దరు పిల్లల బడి ఫీజులు ఆ పొట్లాలే కట్టాయి. ఆమె లెక్క రాసుకోవడం తెలియని మనిషి, కొలత మాత్రం నోటికి చెప్పేది: సేరు పల్లీలకు పిడికెడు ఎల్లిపాయ రెబ్బలు, రెండు గరిటెల కారం, జీలకర్ర, ఉప్పు. పల్లీలు సన్నసెగ మీద వేయించాలి, చల్లారినాక పొట్టు తీయాలి. మిక్సీ పట్టొద్దు, పట్టితే ముద్దవుతుంది. దంచితేనే నూనె బయటికి వస్తుంది, కారం అంటుకుంటుంది.

ఈ వ్యాసం రాయడం అయ్యాక ముందు బరంపురం పెద్దాయనకి ఫోన్ చేసి అంతా చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మా తాతల తాతలు ఏం తిన్నట్టు?" అని అడిగారు. డబ్బున్న రోజు మిరియం, లేని రోజు అల్లం, ఆవాలు అన్నాను. "సప్పగానే తిన్నారన్నమాట, పాపం" అన్నారు. ఆ వడ్డించిన పిల్ల ఎవరమ్మాయి అని వాకబు చేశారు. పెట్టేసేముందు, వైశాఖంలో మనవరాలి పెళ్ళికి రెండు కిలోల పల్లికారం పంపమని చెప్పారు, దంచినదే కావాలన్నారు.