నెహెమ్యా కొలతలో మన్రో దొర

మంచి నాయకుడు ఎలా ఉండాలని బైబిలు చెబుతోందని అడిగితే, సేవకుడిలా ఉండాలనే జవాబు వెంటనే వస్తుంది. మార్కు సువార్త పదో అధ్యాయంలో యేసు శిష్యులకు చెప్పింది అదే, కాబట్టి జవాబులో తప్పు లేదు. అయితే ఆ మాట వేదికల మీద ఎంత వాడుకలో పడిందంటే, ఇప్పుడు దానితో ఏ పాలకుణ్ణీ పరీక్షించలేకపోతున్నాం. సేవకుణ్ణని చెప్పుకోని పాలకుడెవరు? అదే గ్రంథంలో ఇంతకంటే కరుకైన పరీక్ష ఒకటి ఉంది. ముసలివాడైన సమూయేలు పదవి దిగిపోయేటప్పుడు జనం ముందు నిలబడి, తాను ఎవరి ఎద్దును పట్టుకున్నాడో, ఎవరి దగ్గర లంచం తిన్నాడో తన ముఖం మీదే చెప్పమని అడుగుతాడు. నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం ఇంకా ముందుకు వెళ్తుంది. కరువులో గింజల కోసం, రాజుకు కట్టాల్సిన పన్ను కోసం పొలాలు తాకట్టు పెట్టి, చివరికి బిడ్డలనే బానిసలుగా ఇచ్చుకుంటున్న జనం గోడు అందులో ఉంది. నువ్వు ఎంత పుచ్చుకున్నావు, ఎవరి దగ్గర పుచ్చుకున్నావు అన్నదే అక్కడ నాయకుడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న. వానలు మొహం చాటేసే గుత్తి సీమకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

గుత్తిలో అధికారమంటే చాలాకాలం కొండ మీద కోటే. మరాఠా సేనాని మురారిరావు ఆ కోటలో కూర్చుని ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడిలో కొండ మీద నీళ్లు అయిపోవడంతో లొంగిపోయాడు. తర్వాత కోట మైసూరు వారిది, నిజాముది అయింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఒప్పజెప్పడంతో దత్తమండలంలో కలిసింది. ఆ మండలానికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కోటలో కూర్చోలేదు. 1807 దాకా ఊరూరా గుడారాలు వేసుకుని తిరుగుతూ, భూములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే పద్ధతి పెట్టాడు. 1827లో మద్రాసు గవర్నరు హోదాలో చివరిసారి ఈ సీమ చూడ్డానికి వచ్చినప్పుడు విడిదిలో కలరా చెలరేగింది. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తి కొండ కిందే పాతిపెట్టారు. తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారనీ, మండవ ఋషి అవతారమని చెప్పుకున్నారనీ ఇంగ్లీషు గ్రంథకర్తలు రాశారు. ఇంత మమకారం పొందిన అధికారిని అతని సొంత మతగ్రంథం కొలతతోనే కొలవడం న్యాయం.

నెహెమ్యాతో పోలిక ఏదో అతికించింది కాదు. అతనూ సామ్రాజ్యానికి నౌకరే, పారసీక రాజు అర్తహషస్త పంపితే యెరూషలేముకు వచ్చిన అధికారే. తన ముందటి అధికారులు జనం దగ్గర రొట్టె, ద్రాక్షారసం, పైగా నలభై తులాల వెండి గుంజుకునేవారనీ, తాను పన్నెండేళ్లూ అధికారికి రావలసిన భత్యం ముట్టలేదనీ రాసుకున్నాడు. మన్రో అలా జీతం వదులుకున్నవాడు కాదు. కానీ ఒక విషయంలో నెహెమ్యా చేయనిది చేశాడు. నెహెమ్యా షావుకార్ల చేత పొలాలు తిరిగి ఇప్పించాడు గానీ, రాజు పన్ను తగ్గించమని అడిగినట్టు ఆ అధ్యాయంలో లేదు. మన్రో 1807 ఆగస్టు నివేదికలో, తాను కట్టిన శిస్తే రైతుకు భారమని ఒప్పుకుని, అన్ని భూముల మీదా నూటికి 25 వంతులు, బావి కింద తోటలకు 33 వంతులు తగ్గించమని కంపెనీని కోరాడు. బావి భూమికి అదనపు తగ్గింపు అడగడంలోనే ఈ నేల ఎరిగిన మనిషి కనిపిస్తాడు. ఎద్దులతో కపిల తోలి నీళ్లు చేదుకునే రైతు, రాతినేలలో బావి తవ్వడానికి ఎంత పెట్టాడో పట్టించుకోకుండా పంట మీద మాత్రమే లెక్క కడితే రేపు ఎవరూ బావి తవ్వరు. మద్రాసు ప్రభుత్వం ఆ కోరిక తోసిపుచ్చి, ఊళ్లను గుత్తేదారులకు మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు కట్టబెట్టింది. చాలా ఊళ్లు చితికిపోయాయి. గవర్నరై తిరిగొచ్చిన 1820లోనే, అంటే 13 ఏళ్ల తర్వాత, మన్రో ఆ తగ్గింపు అమలు చేయగలిగాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దోచుకోవడానికి వచ్చిన కంపెనీ నౌకరుకు బైబిలు తూకం వేయడమంటే సామ్రాజ్యానికి దేవుడి ముద్ర వేయడమే కదా అని. ఆ భయం నిజమైనదే. పాలెగాళ్లను అణచడంలో మన్రో చూపిన కరుకుదనాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. నాలుగో వంతు తగ్గించిన తర్వాత మిగిలిన మూడు వంతులూ వెళ్లింది కంపెనీ ఖజానాకే. అయితే ఈ గ్రంథం ఏ సామ్రాజ్యాన్నీ వెనకేసుకు రాదు. రాజు కావాలని జనం పట్టుబడితే, వాడు మీ కొడుకుల్ని, పొలాల్ని, పంటలో పదోవంతును తీసుకుంటాడని హెచ్చరించింది ఆ సమూయేలే. పైగా మన్రో మతాన్ని అధికారానికి తోడు చేసుకోలేదు. 1822లో బళ్లారి సబ్‌కలెక్టరు ఒకరు పదవిలో ఉంటూ క్రైస్తవ ప్రచారం చేస్తే, ప్రభుత్వ ఉద్యోగి మిషనరీ పని చేయకూడదని గట్టిగా ఆక్షేపించాడు. కచేరీలో కూర్చున్న దొర మతం మాట చెబితే అది వినేవాడి చెవికి హుకుంలాగే పడుతుంది. క్రైస్తవ విలువలకు అతను చేసిన పెద్ద మేలు అదేనని నేననుకుంటాను.

అతను తప్పింది మరోచోట. నెహెమ్యా షావుకార్లను నిలదీసింది పెద్ద సభ పెట్టి, అందరి ఎదుట. సమూయేలు అడిగింది సాక్ష్యం. గుత్తి రైతుకు అలాంటి సభ లేదు. శిస్తు ఎంతన్నది మద్రాసులో తేలేది, వసూలు తాసీల్దారు, కరణం, రెడ్డి చేతుల్లో జరిగేది. నిర్గమకాండంలో యిత్రో తన అల్లుడు మోషేకు ఇచ్చిన సలహా, భారం ఒక్కడివే మోయకు, లంచాన్ని అసహ్యించుకునే మనుషుల్ని ఎంచుకో అని. మన్రో ఆ సలహాలో మొదటి సగం గ్రహించాడు. 1824 డిసెంబరులో రాసిన నివేదికలో, పెద్ద పదవులకు ఈ దేశస్థులను దూరం పెడితే జాతి మొత్తం దిగజారుతుందని వాదించాడు. కానీ కిందివాడు పీడిస్తే రైతు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఆ దారి గట్టిగా వేయలేదు.

ఒక్క మనిషి ఇంతకంటే ఏం చేయగలడని అడగవచ్చు. అతను సభలు పెట్టి ఉంటే కంపెనీ వెంటనే తీసేసేదేమో కూడా. అది అతని మీద జాలిపడడానికి సరిపోతుంది, అతని పద్ధతిని ఒప్పుకోవడానికి సరిపోదు. ఎందుకంటే మంచి దొర చనిపోయిన తర్వాత ఆ పద్ధతి ఏమైందో రాతపూర్వకంగా ఉంది. 1854లో నియమించిన మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం, శిస్తు రాబట్టడానికి రైతుల వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కడం, నడుం వంచి తలను కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో జరుగుతున్నాయని మరుసటి ఏడాది తేల్చి చెప్పింది. ఆ పనులు చేసినవాళ్లలో ఎక్కువమంది కింది నౌకర్లు. పైనున్న కలెక్టర్లలో దయగలవారు లేకపోలేదు. కానీ ఎండలో వంగి నిలబడ్డ మనిషికి ఆ దయ చేరలేదు.

అందుకే శిస్తు తగ్గించమని అడిగిన విషయంలో మన్రో నెహెమ్యాను మించాడనీ, జనం ఎదుట జవాబు చెప్పే విషయంలో నెహెమ్యా దరిదాపులకు కూడా రాలేదనీ నా తీర్పు. గుత్తి చర్చీల్లో నాయకత్వం మీద మాట్లాడేవారు మార్కు పదో అధ్యాయంతో పాటు నెహెమ్యా అయిదో అధ్యాయం కూడా చదవాలి. సంఘం డబ్బు లెక్క, భూమి లెక్క సభ్యులందరి ముందూ ఏటా చదివి వినిపించాలి.