ఓడ మెట్ల దగ్గర తలల లెక్క

పరమానందయ్య శిష్యులు పన్నెండుగురూ ఏరు దాటి ఒడ్డెక్కగానే చేసిన మొదటి పని తలలు లెక్కపెట్టుకోవడం. లెక్కపెట్టినవాడు తనను వదిలేసి మిగతావాళ్లను లెక్కించాడు. పదకొండు. ఇంకొకడు లేచాడు. మళ్లీ పదకొండే. ఒకడు ఏట్లో పోయాడని అందరూ చతికిలబడి గొల్లుమన్నారు. దారినపోయేవాడెవడో వచ్చి లెక్క తేల్చేదాకా ఆ ఏడుపు ఆగలేదు. చిన్నప్పుడు ఈ కథకు పడీపడీ నవ్వాం. ఓడల చరిత్ర కాస్త చదివాక నాకు ఆ శిష్యుల మీద గౌరవం పెరిగింది. మనిషి నీళ్లు దాటడం నేర్చిన చాలాకాలానికి గాని దాటినవాళ్లను లెక్కపెట్టడం నేర్వలేదు. వాళ్లు కనీసం ప్రయత్నించారు.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే అక్టోబరు 7 వస్తోంది. 1952లో ఆ రోజున అమెరికాలో 26,12,994 నంబరు పేటెంటు మంజూరైంది. ఏళ్ల లెక్క గుండ్రంగా లేదు, అయినా అనుబంధం పేజీకి గడువు ఆగదు గదా. అంకె గుండ్రంగా లేకున్నా ఆ పేటెంటులోని బొమ్మ మాత్రం గుండ్రంగానే ఉంటుంది. విహారనౌక ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర నిలబడ్డ అమ్మాయి పిడికిట్లోని యంత్రాన్ని మన కార్డు మీదికి చూపించి ‘బీప్’ మనిపిస్తుందే, ఆ చప్పుడుకు మూలపురుషుడు ఆ బొమ్మే.

అంతకుముందు సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేవు. మన మనువు ఓడలో సప్తర్షులే కాబట్టి వేళ్లు సరిపోయాయి. తరవాత వేల ఏళ్లపాటు ఓడవాళ్లు మిరియాల బస్తాలను, గుర్రాలను జాగ్రత్తగా రాసుకున్నారు, మనుషుల ఊసు తక్కువ. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్లె నగరంలో అమెరికా ఖండానికి వెళ్లేవాళ్ల పేర్లు దస్త్రాలకెక్కించడం మొదలైంది. అదీ ఎవరు మునిగారో తెలియడానికి కాదు, రాజుగారి అనుమతి లేనివాడు ఎక్కకుండా ఉండటానికి. 1819లో అమెరికా ఒక చట్టం చేసి, రేవుకొచ్చిన ప్రతి ఓడ కెప్టెనూ ప్రయాణికుల పేరు, వయసు, వృత్తి, దేశం రాసిన పట్టీని సుంకపు అధికారికి అప్పగించాలంది. ఎల్లిస్ ద్వీపంలో దిగిన వలసజీవుల కోటులకు గుచ్చిన చీటీ మీద ఉన్నది ఆ పట్టీలోని పేజీ నంబరు, వరస నంబరే.

ఈ వరసలో మనవాళ్ల కథ కూడా ఒకటి ఉంది. మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకుతోటల్లో కూలికి ఒప్పందం రాసిచ్చినవాళ్లు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అలాంటి ఓడల పట్టీల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాశారు. ఇవాళ అక్కడి నాలుగైదు తరాల తరవాతివాళ్లు తమ ఊరు వెతుక్కునేది ఆ కాగితాల్లోనే. ఆ రోజుల్లో రేవు డిపోల్లో కూలీల మెడకు నంబరు కొట్టిన రేకుబిళ్ల వేసేవాళ్లు. ఆ బిళ్లను గుర్తుంచుకోండి, మళ్లీ దాని పనిపడుతుంది.

ఇంత రాతకోతలు జరిగినా లెక్క తేలిందా అంటే, 1912లో టైటానిక్ మునిగాక బతికినవాళ్లు 706 మంది అని అమెరికా విచారణ, 711 మంది అని బ్రిటన్ విచారణ చెప్పాయి. బతికి ఒడ్డున నిలబడ్డవాళ్లను లెక్కపెట్టడంలోనే అయిదుగురి తేడా! మన శిష్యుల తేడా ఒక్కటే.

ఇక నాకు ఇష్టమైన చోటికి వచ్చాను. కాస్త నెమ్మదిగా నడుస్తాను.

1948. ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ అనే సాంకేతిక విద్యాలయం. ఒక కిరాణా దుకాణాల గొలుసు యజమాని అక్కడి డీన్ దగ్గరికి వచ్చి, కౌంటరులో సరుకు వివరం దానంతటదే నమోదయ్యే ఉపాయం కనిపెట్టించండి అని బతిమాలుకున్నాడు. డీన్ కుదరదన్నాడు. నడవలో నిలబడి ఈ మాటలు విన్నది బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి. వెళ్లి స్నేహితుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ చెవిన వేశాడు.

వుడ్‌లాండ్ సామాన్యుడు కాడు. యుద్ధకాలంలో అణుబాంబు పథకంలో పనిచేసి వచ్చాడు. చదువుకునే రోజుల్లోనే లిఫ్టుల్లో వినిపించే సంగీతానికి మెరుగైన యంత్రం కనిపెట్టి వ్యాపారం పెడతానన్నాడు. తండ్రి వద్దంటే వద్దన్నాడు. లిఫ్టు సంగీతం మాఫియా చేతుల్లో ఉందని ఆయన గట్టి నమ్మకం. ఆ తండ్రిగారి భయానికి మనం రుణపడి ఉన్నాం.

కిరాణా సమస్య పట్టుకున్నాక వుడ్‌లాండ్ విద్యాలయం వదిలేసి, చలికాలం గడపడానికి ఫ్లోరిడాలోని మయామీ బీచ్‌లో తాతగారింటికి వెళ్లిపోయాడు. 1949 జనవరిలో ఒకనాడు సముద్రపు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏదో గుర్తుల భాష కావాలి. ఆయనకు తెలిసిన గుర్తుల భాష ఒక్కటే, బాయ్ స్కౌట్‌గా ఉన్నప్పుడు నేర్చుకున్న మోర్స్ కోడ్. చుక్కలూ గీతలూ. ఆలోచిస్తూ నాలుగు వేళ్లు ఇసుకలో గుచ్చి తనవైపు లాక్కున్నాడు. నాలుగు గాళ్లు పడ్డాయి. చుక్కనూ గీతనూ కిందికి సాగదీస్తే సన్న గీత, లావు గీత అవుతాయి! అంతటితో ఊరుకోలేదు. అవే వేళ్లతో చుట్టూ ఒక సున్నా చుట్టాడు. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపించాలని. పేటెంటుకెక్కింది ఆ సున్నాల బొమ్మే.

మన ఇళ్లలో అక్షరాభ్యాసం బియ్యంలో చేయిస్తారు, వీధి బడుల్లో ఇసుకలో దిద్దించేవారు. కంప్యూటరు యుగపు ఓనమాలు కూడా ఇసుకలోనే పడ్డాయంటే నాకు చెప్పరానంత సంతోషం.

బొమ్మ సిద్ధం, చదివే యంత్రమేదీ? స్నేహితులిద్దరూ వుడ్‌లాండ్ ఇంట్లోనే ఒకటి కట్టారు. రాతబల్లంత పరిమాణం, వెలుతురు లోపలికి రాకుండా చుట్టూ నల్ల ఆయిల్ గుడ్డ, లోపల 500 వాట్ల బల్బు. గీతలున్న కాగితం పెట్టారు. యంత్రం చదివింది, కాగితం పొగలు కక్కింది. చదివినదాన్ని కాల్చేసే పాఠకుడు! పేటెంటు వచ్చాక ఇద్దరికీ ముట్టింది 15 వేల డాలర్లు. సిల్వర్ 1963లో, నలభై నిండకుండానే కన్నుమూశాడు. 1969లో పేటెంటు గడువూ తీరిపోయింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో ఒక చూయింగ్ గమ్ పొట్లాం మీద మొదటి వాణిజ్యపు బీప్ మోగేనాటికి అది ఎవరి సొత్తూ కాదు. గుండ్రటి బొమ్మ కూడా అప్పటికి పోయింది. అచ్చు వేసేటప్పుడు సిరా పాకితే సున్నాలు అలుక్కుపోతాయి. నిలువు గీతల్లో సిరా పొడవునా పాకినా గీత పొడవవుతుందే గాని లావవదు. ఆ నిలువు గీతల రూపాన్ని తీర్చిదిద్దింది ఐబీఎమ్‌లో జార్జ్ లారర్. అప్పటికి వుడ్‌లాండ్ కూడా ఆ సంస్థ ఉద్యోగే.

ఇంకో పదేళ్లలోపే యంత్రం కౌంటరు వదిలి చేతికొచ్చింది. సరుకును యంత్రం దగ్గరికి తేవడం పోయి, యంత్రమే సరుకు దగ్గరికి వెళ్లింది. 1980ల మొదట్లో సింబల్ టెక్నాలజీస్ అనే సంస్థ తుపాకీలా పట్టుకునే లేజర్ స్కానర్‌ను అంగళ్లకు తెచ్చింది. గుర్రాన్ని నొక్కితే లోపల చిన్న అద్దం ఊగుతుంది, ఎర్రటి వెలుగు గీతల మీద అటూ ఇటూ పరుగెడుతుంది. నలుపు వెలుగును మింగేస్తుంది, తెలుపు తిప్పికొడుతుంది. తిరిగొచ్చిన వెలుగు హెచ్చుతగ్గులే అంకెలు. చివరి అంకె కాపలాదారు. ముందున్నవాటితో దాని లెక్క కుదరకపోతే యంత్రం నోరు మెదపదు. సరుకుల కోసం పుట్టిన ఆ తుపాకీయే ఒకనాడు మనుషుల వైపు తిరిగింది.

ఎక్కడ తిరిగిందో చూడండి. మయామీ బీచ్ దక్షిణపు కొసన ఒక కాలువ ఉంది, ‘గవర్నమెంట్ కట్’ అంటారు. మయామీ రేవు నుంచి సముద్రంలోకి పోయే ప్రతి విహారనౌకా ఆ ఇసుకను ఒరుసుకుంటూ పోవాల్సిందే. 1966 డిసెంబరు 19న ‘సన్‌వార్డ్’ అనే ఓడ అక్కడి నుంచి సరదా ప్రయాణం మొదలుపెట్టాక ఆ రేవు విహారనౌకల రాజధాని అయింది. 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడ రాకపోకలు సాగించిన ప్రయాణికులు 80 లక్షలు దాటారు. వుడ్‌లాండ్ వేళ్లు గుచ్చిన ఒడ్డు పక్కనుంచే ఆయన గీతలు జేబుల్లో పెట్టుకుని ఇంతమంది పోతున్నారు.

అయితే లెక్క పట్టింపు వచ్చింది సరదా వల్ల కాదు. 1987 మార్చి 6న బెల్జియం రేవు జీబ్రూగ్ దగ్గర ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ పడవ ముందు తలుపు మూయకుండానే బయల్దేరి బోల్తాపడింది. 193 మంది పోయారు. అలాంటి పడవల్లో జనాన్ని లెక్కించే తీరు ఎంత అధ్వాన్నమో విచారణలో బయటపడింది. 1994లో ‘ఎస్టోనియా’ అనే ఓడ బాల్టిక్ సముద్రంలో మునిగి 852 మంది పోయాక, బయల్దేరే ముందు ఓడలో ఎంతమంది ఉన్నారో తేలాలన్న నియమాలు బిగుసుకున్నాయి. మనకు ఇది దూరపు సంగతి కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు అందులో ఎందరున్నారన్న అంకె రోజుల తరబడి మారుతూనే వచ్చింది.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడిపోతుంది, నన్ను తప్పుబట్టకండి. విహారనౌకల్లో మొదట ప్లాస్టిక్ కార్డు వచ్చింది. గది తాళమూ అదే, పద్దు పుస్తకమూ అదే, గుర్తింపూ అదే. బీప్ మనగానే తెర మీద మన ఫొటో వస్తుంది, కాపలాదారు ఫొటోనూ మొహాన్నీ పోల్చుకుంటాడు. తరవాత జపాన్‌లో 1994లో పుట్టిన క్యూఆర్ చదరాలు ఫోన్లకెక్కాయి. ఫోను గాజు లేజరును సరిగా తిప్పికొట్టదు కాబట్టి తుపాకీలోని లేజరు పోయి చిన్న కెమెరా వచ్చింది. అదే కెమెరా పాస్‌పోర్టు అడుగున ఉండే 44 అక్షరాల రెండు వరసలనూ చదివేస్తుంది. ప్రయాణికుల పట్టీని అమెరికా రేవు నుంచి ఓడ బయల్దేరడానికి కనీసం గంట ముందే అక్కడి అధికారులకు పంపాలి గనక చేతిరాతతో ఆ పని కాదు. 2012లో ‘కోస్తా కంకార్డియా’ అనే విహారనౌక రాయికి గుద్దుకున్నాక ప్రమాద సమయపు కసరత్తు నియమాలు మారాయి. ఇప్పుడు కొన్ని ఓడల్లో ఆ హాజరు కూడా చేతి స్కానర్లతోనే. 2017లో ప్రిన్సెస్ అనే విహారనౌకల సంస్థ కార్డునే తీసేసి, నాణెమంత ‘మెడాలియన్’ ఇచ్చింది. చూపించక్కర్లేదు, దగ్గరికొస్తే చాలు. చాలామంది దాన్ని తాడుకు గుచ్చి మెడలో వేసుకుంటారు.

రేకుబిళ్లను గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ బిళ్లవాళ్లు చెరకు నరకడానికి వెళ్లారు, ఈ బిళ్లవాళ్లు బఫే తినడానికి వెళ్తున్నారు. తేడా చాలా పెద్దది, కాదనను. అయినా మెడలో నంబరు చూస్తే నాకు ట్రూరోయే గుర్తొస్తుంది. కొన్ని రేవుల్లో ఇప్పుడు బిళ్లా లేదు, కార్డూ లేదు, కెమెరా మొహాన్నే చదువుతోంది. మొహాన్ని ఇంట్లో పెట్టి మరిచిపోయే వీలు లేదు కదా!

1990లో మయామీ నుంచి బహామాస్‌కు తిరగడానికి దిగిన ‘నార్డిక్ ఎంప్రెస్’ అనే ఓడ వయసు మళ్లాక చేతులు మారి, 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ పేరుతో మన విశాఖకు వచ్చింది. ఆ గవర్నమెంట్ కట్ లోంచి ఎన్ని వందలసార్లు పోయి వచ్చిందో! మరుసటేడు విశాఖలో విహారనౌకల కోసం ప్రత్యేక టెర్మినల్ కూడా తెరిచారు. మన ఆర్టీసీ కండక్టరు టిమ్ మిషనులో చూపించే టికెట్లకూ సీట్లలోని తలలకూ పొంతన కుదరక బస్సాపి మళ్లీ మళ్లీ లెక్కపెట్టడం చూసినవాళ్లకు ఈ స్కానర్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

నిజానికి ఆ యంత్రం అసలు పని ఎక్కించేటప్పుడు కాదు, దారిలో ఏదో రేవులో ఆగి, ఊరు చూడ్డానికి దిగినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు. దిగేటప్పుడు ఒక బీప్, ఎక్కేటప్పుడు ఒక బీప్. గడువు కాగానే రెండో బీప్ మోగని పేర్లు తెర మీద మిగులుతాయి. ఆ పేర్లను మైకులో పిలుస్తారు. పై అంతస్తుల్లో జనం గ్లాసులు పట్టుకుని రెయిలింగు మీద వాలి, సంచులు ఊపుకుంటూ జెట్టీ మీద పరుగెత్తుకొచ్చేవాళ్ల కోసం చూస్తుంటారు. వస్తే చప్పట్లు. రాకపోతే సిబ్బంది ఆ గదికి వెళ్లి పాస్‌పోర్టులు వెతికి తీసి, రేవులోని ఏజెంటు చేతికిచ్చి, మెట్లు పైకి లాగేస్తారు.