దొర చేతిలోకి జారిపడిన నేల

'చీటింగ్ కేసు' అన్న మాట మన చెవిన రోజూ పడుతుంది. ఆ 'చీట్' పుట్టింది భూమి చట్టంలో. దాని తల్లి 'ఎస్చీట్'. జారిపడడం అనే అర్థమున్న లాటిన్ క్రియ పాత ఫ్రెంచిలో రూపు మార్చుకుని, నార్మన్ల వెంట ఇంగ్లండ్ చేరింది.

అక్కడ నేలంతా చివరికి రాజుదే. రాజు ప్రభువులకిస్తే, ప్రభువులు తమ కింది వాళ్లకిచ్చేవారు. అలా పొందినవాడు వారసులు లేకుండా పోయినా, ఘోర నేరం చేసి దొరికినా ఆ భూమి పై దొర చేతిలోకి జారిపడేది. రాజుకు రావలసిన అలాంటి భూములను రాబట్టే ఉద్యోగులే ఎస్చీటర్లు. వాళ్ల అక్రమాలు జనం నోళ్లలో ఎంత నానాయంటే, మాటకు ముందు భాగం ఊడి 'చీట్' మోసానికే పేరైపోయింది.

మన సంప్రదాయంలో దీనికి సాటి మాట 'రాజగామి', రాజును చేరేది. కాళిదాసు శాకుంతలంలో ధనమిత్రుడనే సముద్ర వర్తకుడు ఓడ మునిగి చనిపోతాడు. సంతానం లేదు, సొమ్ము రాజగామి అని మంత్రి రాసి పంపుతాడు. దుష్యంతుడు వెంటనే ఒప్పుకోడు. అతని భార్యల్లో గర్భవతి ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమంటాడు. ఉంది. తండ్రి సొమ్ము కడుపులోని బిడ్డదేనని తీర్పిస్తాడు. ఎస్చీటర్ల కథ చదివినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఈ రెండు సంప్రదాయాలూ మన బందరు వ్యాజ్యంలో ఎదురుపడ్డాయి. బ్రాహ్మణ జమీందారు ఒకరు వారసులు లేకుండా పోయారు. ఆయన భార్య కూడా కన్నుమూశాక బందరు కలెక్టరు ఎస్టేటును ఎస్చీట్‌గా తీసుకున్నారు. ఆ ఎస్టేటు మీద హక్కు చెప్పుకున్న కావలి వెంకట నారాయణప్ప వైపు నుంచి మనుస్మృతి వాదం వచ్చింది: బ్రాహ్మణుడి సొత్తు రాజు ముట్టరాదని. 1860లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. వారసులు లేని ఆస్తి ఏ కులం వారిదైనా ప్రభుత్వానికే చెందుతుందంది. అయితే దాని మీద న్యాయంగా ఉన్న బాధ్యతలు పోవని కూడా చెప్పింది. నా దృష్టిలో ఆ తీర్పులో గట్టి మాట ఈ రెండోదే.

వారసులు లేరన్న కారణంతో జరిగే ఎస్చీట్‌ను ఇంగ్లండ్ 1925 చట్టంతో వదిలేసింది. మన రాజ్యాంగం 296వ అధికరణలో మాత్రం ఆ మాట నిలిచింది. 1956 హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ కింద, వారసులూ వీలునామా లేని ఆస్తి నేటికీ ప్రభుత్వానికే వెళ్తుంది, దాని మీదున్న అప్పులతో సహా.