గెలిచిన ఏడాదే కనుమరుగైన సమితి

తెలంగాణ ప్రజా సమితి చివరికి ఏమైందో తెలిసిందే. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాలకు 10 ఆ పార్టీ గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఏ కాంగ్రెస్ మీద పోరాడి గెలిచిందో ఆ కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది. గెలుపుకీ ముగింపుకీ నడుమ ఆరు నెలలు. ఆ గెలుపు వెనకాల ప్రత్యేక రాష్ట్రం కోసం రెండేళ్ల ఉద్యమం, ఆ ఉద్యమంలో తూటాలకు ఒరిగిపోయిన పిల్లలు. 369 మంది అని తెలంగాణ ఇప్పటికీ లెక్క చెప్పుకుంటుంది. ఆ లెక్క గుండెలో పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇటు పోవద్దయ్యా అని ఎవరినో బతిమాలాలనిపిస్తుంది.

గాయం పాతది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున సంతకం పెట్టిన నలుగురిలో కొండా వెంకట రంగారెడ్డి, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి ఉన్నారు. ఉద్యోగాల్లో ముల్కీలకు, అంటే స్థానికులకు, రక్షణ ఉంటుందన్నారు. తెలంగాణలో మిగిలిన డబ్బు తెలంగాణలోనే ఖర్చు పెడతామన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారన్నారు. నవంబరు 1న ఉమ్మడి రాష్ట్రం ఏర్పడింది, ఉప ముఖ్యమంత్రి పదవి మాత్రం ఏర్పడలేదు. పన్నెండేళ్లు గడిచాక మిగులు నిధుల లెక్క తీస్తే లలిత్ కుమార్ కమిటీ 34 కోట్ల పైచిలుకు అంది, భార్గవ కమిటీ 28 కోట్ల పైచిలుకు అంది. అంకెలు వేరైనా, తెలంగాణకు దక్కాల్సింది దక్కలేదన్న మాట రెంటిలోనూ ఒకటే.

1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెం వైపు థర్మల్ కేంద్రం కొలువుల దగ్గర రాజుకున్న నిప్పు ఖమ్మం చేరింది. అక్కడ ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఉస్మానియా లేచింది. సదాశివపేటలో తుపాకీ పేలింది. మార్చి ఆఖరున, తెలంగాణ కొలువులకు కంచెగా ఉన్న చట్ట నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రక్షణలు అమలు చేయండని అడుగుతూ బయల్దేరిన పిల్లలు, ఇక మా రాష్ట్రం మాకిచ్చేయండి అన్నారు. ఆ పిల్లలకు వెన్నుదన్నుగా న్యాయవాది మదన్‌మోహన్ వంటివారు నిలబెట్టిందే ప్రజా సమితి. తర్వాతి తరం నీళ్లు, నిధులు, నియామకాలు అని పేరు పెట్టుకున్న బాధంతా అప్పటికే అందులో ఉంది. రాష్ట్రం వచ్చాక భూమి ఎవరిది, ఊళ్లో పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నలు మాత్రం సమితి వేసుకోలేదు. వేసుకునే తీరిక దానికెవరిచ్చారు? పుట్టింది మొదలు లాఠీల నడుమే బతికింది.

మే 22న చెన్నారెడ్డి అధ్యక్షులయ్యారు. ఆయన రాకతో ఉద్యమానికి కొండంత అండ దొరికిందని జనం పొంగిపోయారు, అందులో అబద్ధం లేదు. ఆయన మాట్లాడితే మైదానాలు నిండేవి. అయితే అప్పటికే ఆయన దెబ్బతిన్న మనిషి. 1967 నాటి తన ఎన్నిక చెల్లదని కోర్టు తేల్చడంతో కేంద్ర ఉక్కు శాఖ మంత్రి పదవి పోయింది. ఆరేళ్లు పోటీకి అనర్హత పడింది. పార్టీని ఊరూరా గెలిపించగలిగిన నాయకుడు తానొక్కడూ నామినేషన్ వేయలేని స్థితి. పెరిగిందంతా కాంగ్రెస్ ఇంట్లో, అలిగి బయటికొచ్చిన పెద్దకొడుకులా. అలిగినవాణ్ని బుజ్జగించడం ఢిల్లీకి తెలుసు. తూటాలకు ఎదురు నిలిచిన పిల్లలకు అలక లేదు, వెనక్కి పోవడానికి ఇల్లూ లేదు. ఒకే జెండా కింద నిలబడిన ఈ రెండు రకాల మనుషుల మధ్య ఉన్న దూరాన్ని ఆనాడు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఆ ఏడాది చివర్లో కాలం ఒకసారి తలుపు తెరిచింది. కాంగ్రెస్ రెండుగా చీలింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం మైనారిటీలో పడి, కమ్యూనిస్టుల మీదా డీఎంకే మీదా ఆనుకుని నడిచింది. ప్రతి ఓటూ లెక్కలోకి వచ్చిన రోజులవి. కానీ లోక్‌సభలో సమితికి ఒక్క సభ్యుడూ లేడు. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవిని వదిలేసి వచ్చారు. ఆయన తెగువలో సగమైనా చూపి తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలందరూ ఆ శీతాకాలం ఒక్క మాట మీద నిలిచి ఉంటే, ఢిల్లీ వినకపోయేదా? 1970లో సిద్దిపేట ఉప ఎన్నికలో మదన్‌మోహన్ గెలిచి దారి చూపారు. ఆ మరుసటి మార్చిలో హైదరాబాద్ నుంచి మేల్కోటే, సికింద్రాబాద్ నుంచి హాషిం, మెదక్ నుంచి విద్యార్థి నాయకుడు మల్లికార్జున్, కరీంనగర్ నుంచి ఎం. సత్యనారాయణరావు, మొత్తం పదిమంది గెలిచారు. దేశమంతా గరీబీ హటావో గాలి వీస్తుంటే ఎదురీది గెలిచారు. వాళ్లు ఢిల్లీ చేరేసరికి ఇందిరాగాంధీ వెనక 352 మంది కూర్చుని ఉన్నారు. పదిమంది అవసరం తీరిపోయింది. ఏడాది ముందు ఆ పదిమందీ ఉండి ఉంటే అన్న ఊహ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ కథ కలచివేస్తుంది.

అసెంబ్లీకి ఎదురుగా గన్‌పార్కులో నిలిచిన అమరవీరుల స్తూపానికి 1970 ఫిబ్రవరిలో పునాదిరాయి పడింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. అడుగున నల్లరాయి, దానికి తూటా గాయాల్లా చిల్లులు. పైకి లేచిన ఎర్రరాతి స్తంభం, కొసన తెల్లని పువ్వు. ఆ చిల్లుల మీద వేలు పెట్టి చూసినవారికి వేరే చరిత్ర పాఠం అక్కర్లేదు. పని పూర్తయింది 1975లో. ఏ పార్టీ కాలంలో ఆ రాయి పడిందో ఆ పార్టీ అప్పటికి నాలుగేళ్లుగా లేదు.

విలీనానికి కారణాలు లేవనలేం. పిల్లల చదువులు పాడయ్యాయి, జనం అలసిపోయారు, ఢిల్లీలో ఇందిరకు ఎదురు లేదు. ముఖ్యమంత్రిగా తెలంగాణ మనిషి వస్తారన్నారు. వచ్చారు కూడా. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయి, సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ప్రమాణం చేశారు. రాష్ట్రం కోసం చచ్చిపోయిన పిల్లల తల్లిదండ్రులకు దక్కింది ఒక ముఖ్యమంత్రి. చెన్నారెడ్డిని ద్రోహి అని తేల్చేసి చేతులు దులుపుకోవడం తేలిక, నాకది మనసొప్పదు. పోరాడి తెచ్చుకోలేనిది అడిగి తెచ్చుకోవచ్చని ఆయన నమ్మారేమో. కానీ ఓటేసిన జనాన్ని మళ్లీ ఒక్క మాటైనా అడగాల్సింది. 1972 అసెంబ్లీ ఎన్నికల్లో, కలవడానికి ఇష్టపడనివారు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో నిలబడితే దక్కింది ఒక్క స్థానం.

ఆపైన జరిగింది మరీ బాధ. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోస్తా, రాయలసీమలు భగ్గుమన్నాయి. ఈసారి విడిపోదామన్నది అటువైపు వారు. గౌతు లచ్చన్న, కాకాని వెంకటరత్నం వంటి పెద్దలు జై ఆంధ్ర అన్నారు. రెండు వైపులా ఒకే కోరిక వినిపించిన ఆ చలికాలంలో, 10 స్థానాలు గెలిచిన పార్టీ ఇటువైపు నిలబడి ఉండాల్సింది. లేదు. ఏడాది కిందటే మాయమైంది. పి.వి. గద్దె దిగారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చి, కోర్టు నిలబెట్టిన ముల్కీనే ఎత్తేసింది. ఆ రక్షణల అమలును చూడాల్సిన తెలంగాణ ప్రాంతీయ సంఘమూ పోయింది.

చెన్నారెడ్డి ఆ తర్వాత గవర్నరయ్యారు, రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు, 1996లో కన్నుమూశారు. ఆయన స్మారకం హైదరాబాద్ ఇందిరా పార్కులో ఉంది. 2014 జూన్ 2న, వేరే పార్టీ నడిపిన వేరే ఉద్యమం తర్వాత, మళ్లీ ఎన్నో చావుల తర్వాత, రాష్ట్రం వచ్చింది. 1969లో పద్దెనిమిదేళ్లున్న కుర్రవాడికి ఆనాటికి అరవై మూడు నిండాయి. ఏ సర్కారు కొలువు కోసం కాలేజీ వదిలి రోడ్డెక్కాడో, ఆ కొలువే దొరికి ఉంటే అతను అయిదేళ్ల కిందటే రిటైరై పింఛను తీసుకుంటూ ఉండేవాడు.